కుండీలోని పామ్ మొక్క: వైద్యుడా, సాక్షియా?

మధ్యతరగతి ఇంటి ముంగిట ఒకప్పుడు తులసికోట, ప్రహరీ వారగా మందార, పెరట్లో కరివేపాకు, కొబ్బరిచెట్టు ఉండేవి. ఇళ్ళు అపార్టుమెంట్లుగా మారిన తరువాత పెరడు పోయి బాల్కనీ మిగిలింది. ఆ బాల్కనీలోనూ, హాల్లో సోఫా పక్కనా నేడు ఎక్కువగా కనిపిస్తున్నది పామ్ మొక్క. దానిని అమ్మేవారు అందం గురించి ఒక మాట చెబితే ఆరోగ్యం గురించి పది మాటలు చెబుతున్నారు. "ఇది గాలిని శుభ్రం చేస్తుందండీ, ఇంట్లో ఉంటే ఆయాసం, ఎలర్జీ దగ్గరికి రావు" అన్న మాట నేను ఎన్నోసార్లు విన్నాను.

ఈ మాటతో నేను ఏకీభవించలేను. పామ్ మొక్కను పెంచవద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. మా ఇంట్లోనూ రెండు కుండీలున్నాయి. కానీ మొక్కను మందుగా భావించి తెచ్చుకోవడం వేరు, ప్రాణమున్న జీవిగా గుర్తించి పోషించడం వేరు. మొదటి పద్ధతి వలన ఇంటి ఆరోగ్యానికి చేటు జరిగే అవకాశం కూడా ఉన్నది. పామ్ మొక్క ఇంటికి వైద్యుడు కాలేదు. అయితే ఆ ఇంటి నీటికి, వెలుతురుకు, దుమ్ముకు, శుభ్రతకు అది మంచి సాక్షి. ఆ సాక్ష్యాన్ని చదవడం నేర్చుకుంటే మొక్కా బాగుంటుంది, మనమూ బాగుంటాము.

గాలిశుద్ధి కథ

ఈ నమ్మకానికి మూలం అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తరఫున బి.సి. వుల్వర్టన్ అనే శాస్త్రవేత్త 1989లో వెలువరించిన నివేదిక. గాలి చొరబడని పారదర్శకమైన పెట్టెల్లో కొన్ని మొక్కలను ఉంచి, బెంజీన్, ఫార్మాల్డిహైడ్ వంటి వాయువులను వదిలి, అవి ఎంత తగ్గినవో ఆయన బృందం కొలిచింది. ఆ మొక్కల్లో వెదురు పామ్ కూడా ఒకటి. వాయువులు తగ్గిన మాట వాస్తవమే. ఆ పనిలో ఆకులతో పాటు వేళ్ళనంటిన మట్టిలోని సూక్ష్మజీవులకు కూడా భాగమున్నదని ఆయనే చెప్పారు. అయితే అది మూసిన పెట్టెలో జరిగిన ప్రయోగమన్న సంగతిని అమ్మకందారులు మరచిపోయారు.

మన ఇల్లు మూసిన పెట్టె కాదు. తలుపు సందుల నుండి, కిటికీల నుండి గాలి నిరంతరం మారుతూనే ఉంటుంది. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అంతకు ముందు జరిగిన ఇటువంటి ప్రయోగాలను ఒకచోట చేర్చి 2019లో లెక్క కట్టారు. మామూలుగా జరిగే గాలి మార్పిడితో సమానమైన పనిని మొక్కలు చేయాలంటే ప్రతి చదరపు మీటరుకు 10 నుండి 1000 వరకు మొక్కలు కావాలని తేలింది. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గల పడకగది సుమారు 9 చదరపు మీటర్లు. ఎంత తక్కువ లెక్క వేసుకున్నా ఆ గదిలో 90 కుండీలు పెట్టాలి. అప్పుడు మంచం వేసుకోవడానికి చోటుండదు.

నాకు తెలిసిన ఒక కుటుంబంలో ఎనిమిదేళ్ళ పిల్లవాడికి ఉబ్బసం ఉన్నది. తల్లిదండ్రులు ఎవరో చెప్పగా విని మూడు పెద్ద పామ్ కుండీలు తెచ్చి పిల్లవాడి గదిలో పెట్టారు. రోడ్డు దుమ్ము రాకుండా కిటికీలు బిగించారు. రాత్రి దోమల కాయిల్, ఉదయం అగరువత్తులు, వంటింట్లో పోపు పొగ యథాప్రకారం సాగుతూనే ఉన్నాయి. "మొక్కలు పెట్టాం కదండీ, ఇంకా ఎందుకు తగ్గలేదు?" అని ఆ తల్లి నన్ను అడిగింది. "కాయిల్ మానేసి దోమతెర కట్టమ్మా. పొగ బయటికి పోయేలా వంటింట్లో ఫ్యాను పెట్టించు. రోడ్డు మీద రద్దీ తక్కువగా ఉన్న వేళ చూసి కిటికీలు తెరువు. డాక్టరుగారు ఇచ్చిన ఇన్‌హేలర్‌ను మాత్రం ఆపవద్దు" అని చెప్పాను. నెల రోజుల తరువాత పిల్లవాడు రాత్రిళ్ళు కొంత నిమ్మళంగా నిద్రపోతున్నాడని కబురు చేసింది. మొక్క మీద పెట్టుకున్న నమ్మకం ఆ ఇంట్లో చేయవలసిన నాలుగు పనులను వాయిదా వేయించింది. నా అభ్యంతరమంతా ఇక్కడే.

దీనికి వ్యతిరేకమైన భయం కూడా కొందరిలో ఉన్నది. రాత్రివేళ మొక్క బొగ్గుపులుసు వాయువును వదులుతుంది కాబట్టి పడకగదిలో ఉంచితే ప్రమాదమని వారు అంటారు. అదీ అతిశయోక్తే. పక్కన పడుకున్న మనిషి విడిచే దానితో పోల్చితే ఒక కుండీ విడిచేది బహు స్వల్పం.

పేరు తెలుసుకొని తెచ్చుకోవాలి

కడియం నర్సరీలకు వెళ్ళినా, ఊళ్ళోని చిన్న నర్సరీకి వెళ్ళినా పామ్ అన్న ఒక్క పేరు కింద ఎన్నో జాతులు వరుసగా కనిపిస్తాయి. వీటిలో ఎక్కువగా అమ్ముడయ్యేది అరెకా పామ్. అరెకా అనేది శాస్త్రంలో మన పోకచెట్టుకు పెట్టిన పేరు. ఆయుర్వేదం పూగమని, క్రముకమని పిలిచే వృక్షం అది. కుండీలో పెరిగే అరెకా పామ్ మాత్రం మడగాస్కర్ ద్వీపానికి చెందిన వేరొక జాతి. దాని కాయ వక్క కాదు, మందూ కాదు.

అంతకంటే ప్రమాదకరమైన పొరపాటు సాగో పామ్ విషయంలో జరుగుతున్నది. పొట్టి మొద్దు వంటి కాండం, దాని మీద చక్రంలా పరుచుకున్న గట్టి, నిగనిగలాడే ముదురాకుపచ్చ ఆకులు గల ఈ మొక్క అసలు పామ్ జాతిదే కాదు. ఇది సైకస్ అనే అతి ప్రాచీనమైన వేరొక కుటుంబానికి చెందినది. సాగో అన్న పేరు వినగానే మనకు సగ్గుబియ్యం గుర్తుకు వస్తుంది. మనం పాయసం వండుకునే సగ్గుబియ్యం పెద్దాపురం, సామర్లకోట ప్రాంతంలోనూ, తమిళనాడులోని సేలంలోనూ కర్రపెండలం దుంప నుండి తయారవుతున్నది. ఇండొనేసియా, న్యూగినీ ప్రాంతాల్లో పిండినిచ్చే అసలైన సాగో తాటి మరొకటి. కుండీలోని సైకస్‌కు ఈ రెంటితోనూ సంబంధం లేదు.

సైకస్ మొక్కలో ప్రతి భాగమూ విషపూరితమే. గింజల్లో విషం మరీ ఎక్కువ. అందులోని సైకసిన్ అనే పదార్థం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. దీనిని కొరికిన పెంపుడు కుక్కలు చనిపోవడం పశువైద్యులకు తెలిసిన విషయమే. పాకే పిల్లలు, నోట్లో పెట్టుకునే వయసు పిల్లలు ఉన్న ఇంట్లో సైకస్ ఉండరాదని నా దృఢాభిప్రాయం. ఒకవేళ పిల్లలు నమిలినట్లయితే ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించడం, మజ్జిగ పట్టించడం వంటి గృహవైద్యాలకు పూనుకోకుండా ఆ మొక్క ముక్కను చేతబట్టుకొని తక్షణం ఆసుపత్రికి వెళ్ళాలి. గృహవైద్యాన్ని గౌరవించేవారే దాని హద్దును కూడా గుర్తించాలి.

సైకస్‌లో మన సొంత జాతి ఒకటున్నది. శేషాచలం కొండల్లో సహజంగా పెరిగే సైకస్ బెడ్డోమీ అనే ఈ మొక్క నేడు అరుదైపోయింది. దాని అంతర్జాతీయ వ్యాపారం మీద కఠినమైన ఆంక్షలున్నాయి. కొండ నుండి తవ్వి తెచ్చామంటూ ఎవరైనా దానిని మొక్కగా గాని, మందుగా గాని అమ్మజూపితే కొనకపోవడమే ధర్మం.

చేపతోక వంటి ఆకులు గల ఫిష్‌టెయిల్ పామ్ మనకు కొత్తది కాదు. ఏజెన్సీ ప్రాంతాల్లో కల్లు గీసే జీలుగు చెట్టు ఆ జాతిదే. దాని పండ్ల గుజ్జు చర్మానికి తగిలితే విపరీతమైన దురద పుడుతుంది కనుక పిల్లలు తిరిగే చోట అది తగదు. అరెకా పామ్, వెదురు పామ్, లేడీ పామ్ అని పిలిచే రాపిస్, ఈ మూడూ విషం లేనివి. పిల్లలున్న ఇంటికి ఇవే తగినవి.

తృణరాజు స్వభావం

మన పూర్వులు తాటిచెట్టును తృణరాజమన్నారు. తాటి, ఈత, ఖర్జూరం వంటివాటిని అమరకోశం తృణద్రుమాలుగా పేర్కొన్నది. గడ్డి వంటి చెట్లని దాని అర్థం. ఆధునిక వృక్షశాస్త్రం కూడా వీటిని గడ్డి, వరి, వెదురులతో పాటు ఏకదళ బీజాల్లోనే చేర్చింది. ఈ ఒక్క విషయం అర్థమైతే పామ్ పెంపకంలో సగం తెలిసినట్లే.

వేప కొమ్మ నరికితే పక్క నుండి చిగురిస్తుంది. తాటిచెట్టు తల నరికితే తిరిగి చిగురించదు. పామ్ జాతిలో ప్రతి కాండానికీ ఒకే ఒక మొవ్వు ఉంటుంది. ఆ మొవ్వు పోతే ఆ కాండం పోయినట్లే. అరెకా గుబురుగా పెరుగుతుంది కనుక ఒక కాండం పోయినా మిగిలినవి బతుకుతాయి. ఒంటి కాండం గల జాతులకు ఆ అవకాశం లేదు. కాబట్టి పొడవైపోయిందని పామ్ తల కత్తిరించరాదు. నీళ్ళు కుదుళ్ళలో పోయాలే గాని మొవ్వులో నిలిచేలా పోయరాదు. వానాకాలంలో మొవ్వు కుళ్ళడానికి ఇది ఒక ముఖ్య కారణం.

కిందనున్న ముదురాకు కొంచెం పసుపు తిరగగానే చూడ్డానికి బాగాలేదని చాలామంది కత్తిరిస్తారు. అదీ తగని పనే. పొటాషియం వంటి పోషకం కొరవడినప్పుడు పామ్ దానిని ముదురాకుల నుండి లాగి లేతాకులకు అందిస్తుంది. ముదురాకును ముందే తీసివేస్తే ఆ భారం పైనున్న ఆకు మీద పడుతుంది. పండుటాకు పూర్తిగా ఎండేవరకు ఉంచాలి. ఆ తరువాత తొడిమ దగ్గర కత్తిరించాలి.

రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు కలిపిన మట్టి దీనికి సరిపోతుంది. కుండీ అడుగున రంధ్రం తప్పనిసరి. వేళ్ళను తరచు కదిలిస్తే ఓర్చుకోదు. రెండు మూడేళ్ళకొకసారి, ఉన్నదానికంటే ఒక్క సైజు మాత్రమే పెద్ద కుండీలోకి మార్చాలి. తూర్పు కిటికీ వెలుతురు దీనికి శ్రేష్ఠం. రోహిణికార్తె ఎండ నేరుగా తగిలితే ఆకు మాడిపోతుంది. నీడలో పెరిగిన మొక్కను ఒక్కసారిగా ఎండలో పెట్టక, పది పన్నెండు రోజుల్లో క్రమంగా అలవాటు చేయాలి.

దర్శన, స్పర్శన, ప్రశ్న

రోగిని చూచి, తాకి, ప్రశ్నించి పరీక్షించాలని ఆయుర్వేదం చెబుతుంది. మొక్కకు కూడా వైద్యమున్నదని మన పూర్వులు గుర్తించారు. సురపాలుడు రచించిన వృక్షాయుర్వేదం వ్రాతప్రతి ఇంగ్లండులోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉండగా, సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ 1996లో దానిని నళినీ సాధలే ఆంగ్లానువాదంతో ప్రచురించింది. మొక్కల రోగాలను కూడా వాత, పిత్త, కఫ భేదాలతో వివరించిన గ్రంథమది. ఆకులు పసుపు తిరగడాన్ని అందులో పిత్త లక్షణంగా చెప్పారు. ఆ విభజనను నేటి శాస్త్రంతో పోల్చి తీర్పు చెప్పడం నా పని కాదు. మొక్క ముందు నిలబడి ఓపికగా పరీక్షించాలన్న ఆ దృష్టి మాత్రం నేటికీ శిరోధార్యం.

దర్శనం: ఆకుల మీద వేలితో రాస్తే నల్లటి దుమ్ము అంటుకున్నదా? ఆ దుమ్ము మన ముక్కులోకీ పోతున్నదని అర్థం. ఆకును తడిగుడ్డతో తుడిచి ఊరుకోకుండా గదిలోని దుమ్ము సంగతి కూడా చూడాలి. పొడి చీపురు మాని తడిగుడ్డ పెట్టాలి. నిగారింపు కోసం ఆకులకు కొబ్బరినూనె రాసే అలవాటు మంచిది కాదు. నూనె ఆకు రంధ్రాలను మూసివేసి దుమ్మును మరింత పట్టి ఉంచుతుంది.

స్పర్శనం: మొక్క వాలిపోగానే నీళ్ళు పోస్తాము. నీరు ఎక్కువై వేరు కుళ్ళినా మొక్క వాలిపోతుంది. వేలిని మొదటి కణుపు దాకా మట్టిలోకి దించి చూడాలి. తడి తగిలితే ఆగాలి, పొడిగా ఉంటే కుండీ అడుగు నుండి కారేదాకా పోయాలి. వారానికి ఇన్నిసార్లు అన్న లెక్క ఎండాకాలానికీ, చలికాలానికీ ఒకటి కాదు.

ప్రశ్న: ఈ మొక్కకు ఏ నీళ్ళు పోస్తున్నారు? ఇది ఇంటివారిని అడగవలసిన మొదటి ప్రశ్న. అరెకా ఆకుల కొసలు గోధుమరంగులో ఎండడానికి నీటి ఎద్దడి, పొడిగాలి, మట్టిలో పేరుకున్న ఉప్పు కారణాలు కావచ్చు. నీటిలోని ఫ్లోరైడ్‌ను కూడా ఈ మొక్క ఓర్చుకోలేదు. తాగునీటి శుద్ధి యంత్రం బయటికి వదిలే నీటిని పారబోయడం ఇష్టంలేక చాలామంది గృహిణులు మొక్కలకు పోస్తున్నారు. పొదుపు మెచ్చదగినదే. కానీ శుద్ధిలో వేరుచేసిన లవణాలు, ఫ్లోరైడ్ ఆ నీటిలోనే చిక్కబడి ఉంటాయి. దానిని నేల తుడవడానికి, మరుగుదొడ్డికి వాడుకొని, మొక్కకు వాన నీరు గాని, మంచినీరు గాని పోయడం మేలు.

ఇక్కడ మరొక మాట చెప్పాలి. ఫ్లోరైడ్ తెలుగువారికి కొత్త శత్రువు కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని వైద్యులు తొలిసారి వివరించినది 1937లో, నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో. నల్లగొండ పల్లెల్లో వంగిపోయిన ఎముకలను చూడనివారు, వినని వారు అరుదు. భారత ప్రమాణాల సంస్థ తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఉండవచ్చునని, వేరే నీరు దొరకనప్పుడు 1.5 మిల్లీగ్రాములను మించరాదని నిర్ణయించింది. ఆకు కొస ఎండినంత మాత్రాన నీటిలో ఫ్లోరైడ్ ఉన్నదని తేల్చలేము. అయితే బోరునీరు తాగే ఇంట్లో, ఎంత శ్రద్ధగా చూసినా ఆకు కొసలు ఎండుతూనే ఉంటే, ఆ నీటిని ఒకసారి పరీక్షకు పంపడంలో నష్టం లేదు. ఆ పరీక్ష మొక్క కోసం కాదు, పిల్లల పళ్ళ కోసం, పెద్దల ఎముకల కోసం.

పళ్ళెంలో నిలిచిన నీరు

పామ్ కుండీ వలన ఇంటి ఆరోగ్యానికి నిజమైన ముప్పు ఏదైనా ఉన్నదంటే అది కుండీ కింద పెట్టే పళ్ళెంలో ఉన్నది. డెంగ్యూను వ్యాపింపజేసే ఏడిస్ దోమ మురుగు కాలువల కంటే ఇటువంటి తేట నీటినే ఎక్కువగా కోరుకుంటుంది. మన వాతావరణంలో గుడ్డు దోమగా మారడానికి సుమారు 8 నుండి 10 రోజులు చాలు. గాలిని శుభ్రం చేస్తుందని తెచ్చుకున్న మొక్క కిందనే జ్వరాన్ని పెంచుకోవడం ఎంత విచిత్రం! నీళ్ళు పోసిన అరగంట తరువాత పళ్ళెంలో మిగిలినది పారబోయాలి. వారానికి ఒకనాడు పళ్ళెం అంచులను పీచుతో రుద్ది ఎండబెట్టాలి. ఒట్టి పారబోత సరిపోదు. ఈ దోమ గుడ్లు అంచులకు అంటుకొని నెలల తరబడి పొడిగా ఉండి కూడా, తిరిగి నీరు తగలగానే పొదుగుతాయి.

పురుగుకు ఇంటి మందు

2016 నుండి కొబ్బరిని పీడిస్తున్న సర్పిలాకార తెల్లదోమ అలంకరణ పామ్‌లను కూడా ఆశిస్తుంది. ఆకు అడుగున తెల్లని మైనపు చారలు చుట్టలు చుట్టలుగా కనిపిస్తే అదేనని అనుమానించాలి. మొక్క కొనేటప్పుడు ఆకును తిరగేసి చూడడం అలవాటు చేసుకోవాలి. లేకపోతే మన కుండీ నుండి పక్కింటి కొబ్బరిచెట్టుకు పాకుతుంది. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, చిటికెడు సబ్బుపొడి కలిపి సాయంత్రం వేళ ఆకు అడుగున పిచికారీ చేయాలి. పురుగు విడిచే తీపి జిగురు మీద పేరుకునే నల్లని మసికి పలుచని గంజి మంచి మందు. గంజి ఆరి పొరలుగా రాలినప్పుడు మసి కూడా దానితో రాలిపోతుంది. ఇది కొబ్బరి రైతులకు శాస్త్రవేత్తలు సూచించిన ఉపాయమే. ఇంట్లో పిల్లలు ఊపిరి పీల్చే చోట ఘాటైన పురుగుమందు కొట్టడం కంటే, నయంకాని మొక్కను వదులుకోవడమే మంచిదని నేను భావిస్తాను.

ఇంతకూ మొక్క ఇచ్చేదేమిటి?

గాలిని కడగదు, రోగాన్ని కుదర్చదు అన్నప్పుడు ఇంత శ్రమ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. కంటికి చల్లదనం, మనసుకు కొంత నెమ్మది తక్కువ లాభాలేమీ కావు. అంతకంటే, ప్రతి ఉదయం ఐదు నిమిషాలు మన ఇంటిని మనం పరీక్షగా చూసుకునే అలవాటు దీనివలన ఏర్పడుతుంది. వెలుతురు ఏ మూల చాలదో, నీరు ఎట్లా ఉన్నదో, దుమ్ము ఎక్కడ పేరుకున్నదో, నీళ్ళు ఎక్కడ నిలిచాయో మొక్క వంకన మన కంటపడతాయి. కిటికీ తెరవడం, నీటిని పరీక్షించడం, పళ్ళెం రుద్దడం, పొగను బయటికి పంపడం మాత్రం మొక్క చేయగల పనులు కావు. అవి ఇంటివారే చేయాలి.

కనుక పాఠకులకు నా మనవి ఒక్కటే. పామ్ మొక్కను తప్పక తెచ్చుకోండి. పేరు అడిగి తెచ్చుకోండి, ఆకు తిరగేసి చూసి తెచ్చుకోండి. ఇంటికి వచ్చాక దానిని ఉంచడానికి చోటు వెతికే ముందు, ఆ గది కిటికీ ఒకసారి తెరిచి చూడండి.